ఇంట్లో కడుతున్న కారు సగంలో ఆగింది: ఇక్కడి నుంచి ఏ వరుసలో ముందుకు వెళ్లాలి?

షెడ్డులో కారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇంజను ముందు ఉండి వెనుక చక్రాలు నడిచే, ఇద్దరు కూర్చునే చిన్న కారును ఇంటి షెడ్డులో కట్టుకుంటున్నాను. ఛాసిస్‌ను (కారు భాగాలన్నీ బిగించే చట్రాన్ని) 1.6 మిల్లీమీటర్ల మందం గల 25 మిల్లీమీటర్ల చదరపు ఉక్కు గొట్టాలతో నేనే కోసి, వెల్డింగ్ చేసి తయారు చేశాను. ఇంజను, గేర్‌బాక్సు, వెనుక యాక్సిల్, స్టీరింగు, బ్రేకులు, వైరింగు మొత్తం ఒకే పాత కారు నుంచి తీసినవి.

మొదటి దశ చాలా ఉత్సాహంగా సాగింది. షెడ్డులోకి వెళ్లేటప్పుడు గొట్టాల కట్టగా ఉన్నది బయటికి వచ్చేసరికి ఒక రూపానికి వచ్చేది. చేసిన పని ప్రతిసారీ కంటికి కనిపించేది. రెండు కర్ణాలనూ కొలిచి ఛాసిస్ మూలమట్టంగా వచ్చిందని తేల్చుకుని, సస్పెన్షన్ బిగించి, దాన్ని సొంత చక్రాల మీద నిలబెట్టినప్పుడు ఇక మిగిలింది కొంచెమే అనుకున్నాను. ఇంట్లోవాళ్లు కూడా అలాగే అనుకున్నారు.

అక్కడి నుంచి పని నత్తనడక పట్టింది. ఇంజనును దించి చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డులోని (ఇంజను పొగను బయటికి తీసుకుపోయే గొట్టాల గుత్తిలోని) ఒక గొట్టం సరిగ్గా స్టీరింగు షాఫ్టు పోవలసిన దారికి అడ్డంగా వచ్చింది. ఇంజనును వెనక్కి జరిపితే బెల్‌హౌసింగు (ఇంజనుకు, గేర్‌బాక్సుకు మధ్య క్లచ్‌ను కప్పే పెట్టె) పెడళ్లకు కేటాయించిన చోటులోకి చొచ్చుకువస్తోంది, పైకి లేపితే బానెట్ మూసుకోదు, కిందికి దించితే ఆయిల్ సంపు (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఛాసిస్ అడుగు గొట్టాల కంటే కిందికి వేలాడుతోంది. ఒకదాన్ని సరిచేయబోతే మరో మూడు కదులుతున్నాయి. ఒక్కో సాయంత్రం మొత్తం ఒక బ్రాకెట్టు చేసి, బిగించి, నచ్చక కోసేయడంతోనే ముగుస్తోంది. బ్రేకు పైపులు, వైరింగు ఇంకా మొదలే పెట్టలేదు.

నా ప్రశ్నలు రెండు. ఛాసిస్‌కు ఇప్పుడే రంగు వేసేస్తే తుప్పు పట్టకుండా ఉంటుందని, కారు కాస్త కంటికి ఆనితే నాకూ ఉత్సాహం తిరిగి వస్తుందని అనిపిస్తోంది. అది సరైన పనేనా? ఇంజను, మానిఫోల్డు, స్టీరింగు ఒకదానికొకటి అడ్డుపడుతున్నప్పుడు దేన్ని ముందు ఖాయం చేసుకోవాలి? ఈ దశ దాటి బయటపడినవారు ఎలా దాటారో కూడా చెబితే మేలు చేసినవారవుతారు.

ఇరుసు

షెడ్డులో కారు గారికి, రంగు ఇప్పుడే వేయకండి. మీరు ఇంకా చేయవలసిన బ్రాకెట్లు ఎన్నో ఉన్నాయి. సీట్ల మౌంటింగులు, బెల్టుల ఆధారాలు, బ్రేకు పైపుల క్లిప్పులు, రేడియేటరు, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, వీటిలో ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట రంగు గీకి వెల్డింగ్ చేయవలసి వస్తుంది. చుట్టూ కాలిన రంగును మళ్లీ రాపాడి సరిచేయడం మొదటిసారి వేసిన దానికంటే పెద్ద పని. తుప్పు విషయంలో బెంగ ఉంటే గొట్టాలపై నూనె పలచగా పూసి ఉంచండి, వెల్డింగ్ చేసే చోట మాత్రం నూనె జాడ లేకుండా తుడిచి, లోహం మెరిసేదాకా రుద్దండి.

ఇక అసలు చిక్కుముడి. అడ్డుపడుతున్న భాగాలన్నింటినీ సమానంగా చూడటం వల్లే ఇది విడిపోవడం లేదని నా అభిప్రాయం. వాటిలో కొన్ని కదపలేనివి, కొన్ని వంచుకోదగినవి. సంపుకు నేలకు మధ్య ఉండవలసిన ఎడం, బెల్‌హౌసింగుకు పాదాలకు మధ్య చోటు, గేర్‌బాక్సు తిప్పే శక్తిని వెనుక యాక్సిల్‌కు అందించే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం, ఈ మూడూ మొదటి తరగతివి. ఇంజను స్థానాన్ని నిర్ణయించవలసినవి ఇవే. మానిఫోల్డు ఎంత ఖరీదైనదైనా చివరికి వంచి అతికించిన గొట్టాలే కాబట్టి దాన్ని మరో దారిలో తిప్పి చేయించుకోవచ్చు. స్టీరింగు షాఫ్టును జాయింట్లతో దారి మళ్లించవచ్చు. వీటికోసం ఇంజనును జరపడం మొదలుపెడితే అది ఎప్పటికీ ఒకచోట నిలవదు.

ప్రొపెల్లర్ షాఫ్టు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు కారు రోడ్డెక్కి వేగం అందుకున్నాక వణుకుగా మాత్రమే బయటపడుతుంది, అప్పటికి అన్నీ బిగించేసి ఉంటాయి. గేర్‌బాక్సు వెనుక నుంచి వచ్చే గీత, యాక్సిల్ పినియన్ (షాఫ్టు వచ్చి కలిసే పళ్ల చక్రం) గీత ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అప్పుడు షాఫ్టు రెండు చివర్ల యూనివర్సల్ జాయింట్ల (వంగి ఉండి కూడా తిరుగుడును అందించే కీళ్ల) కోణాలు సమానమై, ముందు జాయింటు పుట్టించే వేగపు ఎగుడుదిగుళ్లను వెనుక జాయింటు రద్దు చేస్తుంది. ఆ కోణం ఒకటి నుంచి మూడు డిగ్రీల లోపు ఉండేలా చూసుకోండి. సున్నా చేయాలని ప్రయత్నించవద్దు, కోణమే లేకపోతే జాయింటులోని నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి సన్నని రోలర్లు) తిరగక, ఒకేచోట ఒత్తుకుని గుంటలు పడతాయి. కొలిచేటప్పుడు కారు జాకీ మీద కాక తన చక్రాల మీద, సీట్లలో మనుషుల బరువుకు సమానమైన బరువుతో ఉండాలి.

స్టీరింగు షాఫ్టుకు రెండు జాయింట్లు సరిపోతే అదే మంచిది. మూడు వేయవలసి వస్తే మధ్యలో షాఫ్టును పట్టి ఉంచే బేరింగు ఒకటి తప్పనిసరి. అది లేకపోతే చేతిలో చక్రం తిరిగినా షాఫ్టు మధ్యలో ఊగిపోతుంది. ఏ జాయింటు కోణమూ 30 డిగ్రీలు దాటనివ్వకండి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఉంటుందని మర్చిపోకండి. నిశ్చలంగా ఉన్నప్పుడు వేలు దూరే సందు కనిపించినా, యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజను ఒక పక్కకు ఒరిగి ఆ సందును మింగేస్తుంది. కాబట్టి ఒకరు స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పుతుండగా, మరొకరు గడ్డపారతో ఇంజనును రెండు వైపులా ఒరగదీసి, ఎక్కడా తగలడం లేదని చూడండి. మానిఫోల్డు వేడి జాయింట్ల గ్రీజును ఎండగట్టకుండా మధ్యలో ఒక రేకు కూడా కావాలి.

ఇవన్నీ తేలాక రంగు లేని ఛాసిస్ మీదే కారును మొత్తం ఒకసారి కట్టండి. ప్రతి పైపు, ప్రతి క్లిప్పు, అద్దాలతో సహా. సీట్లో మీరు కూర్చుని క్లచ్ పూర్తిగా నొక్కి చూడండి, మోకాలు స్టీరింగుకు తగిలితే అప్పుడే తెలియాలి. ఆ తర్వాత అంతా విప్పి రంగుకు పంపండి. నిలబడ్డ కారు మళ్లీ డబ్బాల్లోకి వెళ్లే ఆ రోజు మనసు చాలా కుంగుతుందని ముందే చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది సరిగ్గా అక్కడే పని వదిలేస్తారు. అయితే రెండోసారి బిగింపు మీరు ఊహించినదానికంటే వేగంగా జరుగుతుంది. రంధ్రాలన్నీ అప్పటికే ఉన్నాయి, బోల్టుల పొడవులు తెలుసు, ఏది ముందో ఏది వెనుకో తేలిపోయింది. విప్పేటప్పుడు ఒక్కో భాగం బోల్టులను విడివిడి సంచుల్లో వేసి పేరు రాసుకుంటే చాలు. ఒకసారి బిగించి తీసిన నైలాన్ లాక్ నట్లను మాత్రం మళ్లీ వాడకుండా కొత్తవి వేయండి.

రాగితీగ

ఇరుసు గారు చెప్పిన వరుసతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీరు ఇంకా మొదలుపెట్టలేదన్న రెండు పనుల గురించి రాస్తాను.

పాత కారు బ్రేకులను ఉన్నవి ఉన్నట్టు తేలికైన కారుకు బిగిస్తే ముందు వెనుకల పంపకం మారిపోతుందన్నది మొదటి సంగతి. ఆ బ్రేకులను రూపొందించినప్పటి బరువు వేరు, ఆ బరువు ముందు చక్రాల మీద ఎంత, వెనుక చక్రాల మీద ఎంత అన్నది వేరు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఎప్పుడైనా ముందు చక్రాలే ముందు బిగుసుకోవాలి. వెనుకవి ముందు బిగుసుకుంటే కారు అడ్డంగా తిరిగిపోతుంది. అందువల్ల వెనుక లైనులో ఒత్తిడిని తగ్గించుకోగలిగే సర్దుబాటు వాల్వుకు ఇప్పుడే చోటు ఉంచండి. గొట్టాల చివర ఫ్లేరింగు (అంచును వెడల్పుగా విప్పడం) ఫిట్టింగు లోపలి అంచుకు సరిపోయే రకమే కావాలి, రకం మారితే ఎంత బిగించినా చెమ్మ ఊరుతూనే ఉంటుంది. చక్రానికి వెళ్లే రబ్బరు గొట్టాన్ని, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు లాగుకుపోకుండా, పూర్తిగా తిప్పినప్పుడు టైరుకు రాసుకోకుండా చూసుకోండి. బ్రేకు ద్రవాల్లో డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒక జాతివి, గాలిలోని తేమను పీల్చుకుంటాయి, రంగు మీద పడితే తినేస్తాయి. డాట్ 5 సిలికాన్ ద్రవం, దాన్ని వీటితో కలపకూడదు.

వైరింగు గురించి భయం అక్కరలేదు, ఓపిక కావాలి. పాత కారు వైరింగు చేతిలో ఉంది కాబట్టి కొత్తది కొనకండి. దాన్ని ఒక పెద్ద బల్ల మీదో చెక్క పలక మీదో పరిచి, పాత టేపు మొత్తం విప్పి, బ్యాటరీకి కలిపి, అన్నీ పనిచేస్తున్నాయని ముందు రూఢి చేసుకోండి. ఆ తర్వాత మీకు అక్కరలేని సర్క్యూట్లను ఒక్కొక్కటిగా తీసేయండి. వెనుక అద్దం హీటరు తీశారు, మళ్లీ అన్నీ వెలిగించి చూశారు. కిటికీల మోటార్లు తీశారు, మళ్లీ చూశారు. ఏదైనా ఆగిపోతే తప్పు చివరగా తీసిన తీగలోనే ఉంటుంది కాబట్టి వెతుకులాట ఉండదు. అన్నీ ఒకేసారి కత్తిరించినవారు వారాల తరబడి మీటరు పట్టుకుని కూర్చోవడం చూశాను.

టేపు విప్పేటప్పుడు జాయింట్ల దగ్గర ఇన్సులేషన్‌ను కొద్దిగా వెనక్కి తీసి చూడండి. లోపల రాగి ఎర్రగా మెరుస్తుంటే సరే, నల్లగానో పచ్చగానో మారి, వేలితో వంచితే పెళుసుగా విరుగుతుంటే ఆ తీగను మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్త ముక్క వేయాలి. చివర్లకు సోల్డర్ పోయడం కంటే మంచి పట్టుకారుతో క్రింపింగు చేయడం (టెర్మినల్‌ను తీగ చుట్టూ నొక్కి బిగించడం) మేలు. సోల్డర్ పాకిన చోట తీగ బిరుసెక్కి, కారు అదురుకు ఆ అంచు దగ్గరే తెగుతుంది. హెడ్‌లైట్ల విద్యుత్తును డాష్‌బోర్డు స్విచ్చు గుండా పోనివ్వకుండా రిలే (చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును కలిపే స్విచ్చు) పెట్టండి. 12 వోల్టుల దగ్గర 55 వాట్ల బల్బు ఒక్కొక్కటి దాదాపు 4.6 ఆంపియర్లు లాగుతుంది, రెండూ కలిస్తే 9 దాటుతుంది. దీపాలు మందంగా వెలిగితే బల్బును అనుమానించే ముందు ఎర్తును (విద్యుత్తు ఛాసిస్ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే అతుకును) చూడండి. దీపం వెలుగుతుండగానే మీటరు ఒక కొసను బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోదాన్ని దీపం ఎర్తు తీగ మీద పెడితే దాదాపు సున్నా చూపించాలి. అర వోల్టు చూపించినా ఆ ఎర్తు బోల్టు కింద రంగో తుప్పో ఉన్నట్టే. రంగు వేయించాక ఇది మరీ ముఖ్యం, ఎర్తు బోల్టు పడే ప్రతిచోటా రంగు గీకి లోహం తేల్చాలి.

తెల్లకాగితం

సాంకేతిక విషయాలు పై ఇద్దరూ చెప్పారు. మీ ప్రశ్నలోని మరో సగానికి, అంటే ఉత్సాహం తగ్గిపోవడానికి, నాకు తోచింది రాస్తాను.

ఇంట్లో కారు బిగించుకోవడం అనగానే అందరికీ కిట్ కార్లు (విడిభాగాల పెట్టెగా కొని ఇంట్లో బిగించుకునేవి) గుర్తుకొస్తాయి, వాటి వేగంతో మన వేగాన్ని పోల్చుకుని కుంగిపోతాం. లోటస్ సంస్థ 1957లో తెచ్చిన సెవెన్ అనే కారును ఎందరో కిట్‌గా కొని ఇళ్ల దగ్గర బిగించుకున్నారు. ఆనాటి బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారు మీద పడే కొనుగోలు పన్ను విడిభాగాలుగా కొంటే పడకపోవడం అందుకు పెద్ద కారణం. 1973లో ఆ పన్ను స్థానంలో వ్యాట్ (విలువ ఆధారిత పన్ను) రావడంతో ఆ లాభం పోయింది. అదే ఏడాది ఆ కారు తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు దక్కాయి, దాని వారసులను నేటికీ కిట్‌గా కొని కట్టుకునేవారు ఉన్నారు. అయితే ఆ పెట్టెలో వచ్చే స్టీరింగు షాఫ్టు మానిఫోల్డుకు తగలదని కొన్నవాడికి తెలియనవసరం లేదు, ఎవరో ముందే కొలిచి, తప్పులు చేసి, దిద్ది పంపారు. మీరు కట్టుకుంటున్నది కిట్ కాదు. బిగించే పనితోపాటు ఆ కొలిచి దిద్దే పని కూడా మీదే. ఒక సాయంత్రం ఒక బ్రాకెట్టు చేసి, అది పనికిరాదని తేల్చి కోసేశారంటే ఒక డిజైను ప్రశ్నకు జవాబు దొరికినట్టే, ఆ సాయంత్రం వృథా కాలేదు. ఈ మాట ఓదార్పు కోసం అనడం లేదు. ఆ బ్రాకెట్టు కొలతలు, అది ఎందుకు పనికిరాలేదు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. కంటికి కనిపించని పురోగతి అక్కడ కనిపిస్తుంది, ఆ ఆలోచనే మళ్లీ వచ్చినప్పుడు రెండోసారి చేయకుండా ఆపుతుంది కూడా.

ఇలాంటి పనులను నిజంగా చంపేది అలసట కంటే మధ్యలో మారే కోరికలు. ఇంజను కుదరలేదు కాబట్టి వేరే ఇంజను, వేరే ఇంజను కాబట్టి వేరే గేర్‌బాక్సు, అన్న దారి పట్టినవారు మళ్లీ మొదటికి వస్తారు. ఉన్న ఇంజనుతో, ఉన్న బ్రేకులతో, ఉన్న మీటర్లతోనే కారు రోడ్డెక్కాలని నిశ్చయించుకుని, మిగిలిన కోరికలన్నీ అదే నోటు పుస్తకం చివరి పేజీల్లో రాసి పక్కన పెట్టండి. షెడ్డు నుంచి బయటికి వచ్చే ముందు, మర్నాడు చేయబోయే పనికి కావలసిన భాగాలు, పనిముట్లు బల్ల మీద సర్ది పెట్టి రండి. అరగంటే తీరిక దొరికిన రోజున కూడా పని మొదలవుతుంది.

వదిలేయాలా అన్న ప్రశ్న మీరు అడగలేదు, కానీ మీ మాటల వెనుక అది వినిపించింది. నా దృష్టిలో వదిలేయడానికి సరైన కారణాలు రెండే: ఛాసిస్ ప్రమాదకరమని తెలిసినవారు తేల్చడం, లేదా మీరుండే చోట సొంతంగా కట్టిన కారును రిజిస్టర్ చేయడానికి చట్టం ఒప్పుకోకపోవడం. రెండోదాన్ని ఇంకా కనుక్కోకపోతే ఈ వారమే కనుక్కోండి. నియమాలు దేశానికో తీరుగా ఉంటాయి, తనిఖీలో ఏయే కొలతలు చూస్తారో ముందే తెలిస్తే దీపాల ఎత్తు, బెల్టుల ఆధారాలు, పదునైన అంచులు వంటివన్నీ ఇప్పుడే సరిచూసుకోవచ్చు. పాత కారు పత్రాలు, కొన్న భాగాల రసీదులు, వెల్డింగ్ దశల ఫోటోలు ఒకచోట భద్రపరచండి.

షెడ్డులో కారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. రంగు ఆలోచన మానుకున్నాను. ఇరుసు గారు చెప్పినట్టు ఇంజనును సంపు ఎత్తు, పెడళ్ల చోటు, షాఫ్టు కోణం ప్రకారం నిలబెట్టి, మౌంటింగులకు టాకులు (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్కలు) వేశాను. మానిఫోల్డును మొదటి వంపు దగ్గర కోసి ఆ గొట్టాన్ని కిందుగా తిప్పితే స్టీరింగు షాఫ్టుకు దారి దొరికేలా ఉంది. రిజిస్ట్రేషన్ నియమాలు ముందే తెచ్చి పెట్టుకున్నాను, మా దగ్గర అనుమతి ఉంది.

ఇంకొక్క సందేహం. ఈ రంగు లేని దశలోనే ఇంజనును ఒకసారి నడిపి చూడవచ్చా? చాలా కాలంగా కదలకుండా ఉన్న ఇంజను అది. అది తిరిగిన చప్పుడు వింటే ఇంట్లోవాళ్లకూ నాకూ నమ్మకం వస్తుందనిపిస్తోంది. ఛాసిస్ వెల్డింగులను ఎవరితో ఎలా పరీక్ష చేయించాలో కూడా దయచేసి చెప్పండి.

ఇరుసు

తప్పకుండా నడపండి. నమ్మకం కోసమే కాదు, ఆయిల్ కారే సీళ్లు, నీరు కారే గొట్టాలు రంగు వేయకముందే తెలియడం చాలా మంచిది. అయితే నేరుగా తాళం తిప్పకండి. ముందు స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో కొద్దిగా ఆయిల్ పోసి, ఒక రాత్రి ఉంచండి. తర్వాత క్రాంకు బోల్టుకు స్పానరు వేసి చేత్తో నెమ్మదిగా రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకుండా కారణం వెతకాలి. సాఫీగా తిరిగితే కొత్త ఆయిల్, ఫిల్టరు వేసి, ప్లగ్గులు లేకుండానే స్టార్టరుతో ఆయిల్ ఒత్తిడి మీటరు లేచేదాకా తిప్పండి. ప్లగ్గులు లేనందువల్ల బేరింగుల మీద భారం ఉండదు. పాత పెట్రోలు పూర్తిగా తీసేయండి. రేడియేటరు నింపేటప్పుడు అన్నిటికంటే ఎత్తున ఉన్న గొట్టం దగ్గర గాలి బయటికి పోనివ్వండి, లేకపోతే మీటరు చల్లగా చూపిస్తున్నా హెడ్డు వేడెక్కుతుంది. షెడ్డు తలుపులు పూర్తిగా తెరిచి, పొగను గొట్టంతో బయటికి పంపండి, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మంటలార్పే సిలిండరు చేతికి అందేలా ఉంచి, పక్కన ఒక మనిషిని నిలబెట్టుకోండి.

వెల్డింగుల సంగతి: సస్పెన్షన్ ఆధారాలు, స్టీరింగు ర్యాకు (ముందు చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) మౌంటింగులు, సీటు బెల్టుల బిందువులు, ఈ మూడు చోట్లా ధ్రువీకరణ పొందిన వెల్డరుతో డై పెనెట్రెంట్ పరీక్ష చేయించండి. శుభ్రం చేసిన అతుకు మీద ఎర్ర రంగు ద్రవం పూసి, కాసేపు ఆగి తుడిచి, తెల్లని డెవలపరు చల్లితే పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. ఇది పైకి తెరుచుకున్న పగుళ్లనే చూపిస్తుంది. లోపల అతుకు ఎంత లోతుగా కరిగిందో తెలియాలంటే అదే గొట్టం ముక్కలను, అదే మెషిను సెట్టింగుతో అతికించి, అడ్డంగా కోసి చూపించండి. దిద్దవలసిన చోట్ల మళ్లీ వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ తీగలు విప్పండి, క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనరుతో తుడిచిన చోట వెల్డింగ్ అసలే చేయవద్దు, ఆ వేడికి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ చోట్లను అసిటోనుతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, సీసాను షెడ్డు బయట పెట్టి పని మొదలుపెట్టండి. పరీక్షలో ఏం తేలిందో, మానిఫోల్డు ఎలా కుదిరిందో ఫోటోలతో ఇక్కడే రాయండి.